అడ్రసు గడిలో ఏం రాయాలి?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం చాప్టరు ఉగాది సంబరాల్లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర జరిగింది చాలామంది చూశారు. చూడనివాళ్ళకి భోజనాల వరసలో పులిహోర కన్నా ముందే ఆ కబురు అందింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. గుడి పార్కింగు చివర చెట్ల పక్కన ముప్పై నాలుగడుగుల ఫిఫ్త్‌వీల్ ట్రైలరు, అంటే ట్రక్కు తొట్టిలో తగిలించి లాగే చక్రాల ఇల్లు, ఆపుకుని వచ్చారు. ఫారంలో అడ్రసు గడి దగ్గరికొచ్చేసరికి ఆవిడ పెన్ను ఆగింది. "ఏ ఊరమ్మా?" "ఈ నెల ఈ ఊరేనండీ." "ఈ నెలేమిటి తల్లీ, ఇల్లెక్కడా అని!" ఆవిడ కిటికీలోంచి చెట్లకేసి చూపించింది. అరగంట తిరక్కుండా ఆ మాట వేదికెక్కింది. "ఇల్లూ వాకిలీ వదిలేసి గంగిరెద్దుల వాళ్ళలాగా తిరుగుతున్న మన కుటుంబానికి ఓసారి చప్పట్లు!" అని మైకులో వినపడగానే హాలంతా నవ్వింది. పెద్దమ్మాయి పద్యాల పోటీకి పేరిస్తే, మన చాప్టరు పరిధిలో నివాసం లేదని తీసుకోలేదు. ఆ పిల్ల తయారైన పద్యాలు నాలుగూ కారిడార్లో చెల్లెలికి అప్పజెప్పుకుంది.

మైకు పట్టుకున్నాయన చెడ్డవాడేం కాదు. తోరణాలు కట్టడం దగ్గర్నుంచి ఆకులెత్తడం దాకా ఒళ్ళు దాచుకోకుండా చేసే మనిషే. నోరు జారింది, అంతే. కానీ జారిన నోరు అలవాటున్న వైపుకే జారుతుంది. సంక్రాంతికి గంగిరెద్దులాయన బొమ్మ మన కరపత్రం అట్టమీద ఉండాలి, పిల్లల వేషాల పోటీలో ఉండాలి, ఫొటో బూత్‌లో ఉండాలి. ఎవరినైనా తీసిపారెయ్యాలన్నా ఆ పేరే కావాలి. ఏ వాడలో ఎన్ని గుమ్మాలున్నాయో, ఎద్దుకి నీళ్ళెక్కడ దొరుకుతాయో, ఏ చెరువు గట్టున గుడారం వేస్తే ఊరివాళ్ళు ఊరుకుంటారో లెక్క తెలియకపోతే ఆ సంసారం ఒక్క రోజు నడవదు. ట్రైలర్లో కాపురానికి కావలసిందీ ఆ లెక్కే. మనవాళ్ళకి తెలియనిదీ అదే. అందుకే ఆ రోజు అడిగినవాళ్ళంతా రెండే ప్రశ్నలడిగారు. అప్పులపాలయ్యారా అన్నది ఒకటి. రోజూ పిక్నిక్కేగా అన్నది ఇంకొకటి.

అప్పుల సంగతి ముందు. కొత్త ఫిఫ్త్‌వీల్, దాన్ని లాగే ఒక టన్ను తరగతి డీజిల్ ట్రక్కు కలిపితే లక్ష డాలర్లు దాటడం మామూలు విషయం. అది ఇల్లు గడవక పట్టే దారి కాదు. పోనీ పెట్టుబడా అంటే అదీ కాదు. కట్టిన ఇల్లు కాలం కలిసొస్తే పెరుగుతుంది, బండి మాత్రం షోరూము గేటు దాటగానే తరగడం మొదలు. కోవిడ్ రోజుల్లో అందరూ బళ్ళమీద పడ్డారు. 2021 ఒక్క ఏడాదిలో ఆరు లక్షల పైచిలుకు ఆర్‌వీలు (ఇలాంటి కాపురపు బళ్ళు) ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి, ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల నుంచే. అంత హడావుడిలో బిగించిన బళ్ళలో సీలెంట్లు సరిగా పూయనివీ, పైపు జాయింట్లు వదులుగా ఉన్నవీ తక్కువేం కాదు. ఆ కాలపు బండి చవగ్గా వస్తోందని ఎగబడేవాళ్ళు ముందు కప్పు ఎక్కి చూడాలి. వెంట్ల చుట్టూ, అంచుల వెంబడి సీలెంటు బీటలు వారిందా, స్లయిడు (బండి ఆపాక బయటికి జరిగే గది భాగం) మూలల్లో నేల మెత్తబడిందా చూడాలి. ఆర్‌వీ ముందుగా చచ్చేది ఇంజనుతోనో టైర్లతోనో కాదు, నీటితో. మూణ్ణెల్లకోసారి కప్పు చూసుకుని పది డాలర్ల ట్యూబుతో పూత పూసుకున్నవాడి బండి నిలుస్తుంది. చూసుకోనివాడి గోడ లోపల చెక్క పుట్టగొడుగులు పూస్తుంది.

ఇంకొక మాట ఎవరూ ముందు చెప్పరు. చాలా కంపెనీల వారంటీ కాగితంలో పూర్తికాలం నివాసానికి వాడితే వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ బళ్ళకున్న భద్రతా ప్రమాణమే వీటిని తాత్కాలిక బస కింద లెక్కేస్తుంది. మామూలు ఆర్‌వీ ఇన్సూరెన్సూ అంతే. ఫుల్‌టైమర్ పాలసీ అని విడిగా అడిగి తీసుకోకపోతే మెట్లమీద ఎవరైనా జారిపడ్డా, లోపలి సామాను కాలిపోయినా పైసా రాకపోవచ్చు.

బరువు దగ్గర మనవాళ్ళు తప్పకుండా బోల్తా పడతారు. లాగే బలం వేరు, మోసే బలం వేరు. ట్రక్కు ప్రకటనలో పదకొండు వేల పౌండ్లు లాగుతుందని ఉంటుంది. డ్రైవరు తలుపు అంచున ఉండే పసుపు స్టిక్కరు మీద మాత్రం మనుషులూ సామానూ కలిపి 1,500 పౌండ్లు దాటొద్దని ఉంటుంది. 7,500 పౌండ్ల ట్రైలరు ముందు కొక్కెం ట్రక్కు మీద వేసే భారం అందులో పది నుంచి పదిహేను శాతం. దాన్ని 975 అనుకోండి. నలుగురు మనుషులు 500, హిచ్చి (తగిలించే కొక్కెం) సామాను 100. స్టిక్కరు గీత దాటేశాం, ఇంకా ట్రక్కులో ఒక్క సూట్‌కేసు పెట్టలేదు. ఫిఫ్త్‌వీల్ అయితే ట్రక్కు మీద పడేది పదిహేను నుంచి పాతిక శాతం. అందుకే దానికి ముప్పావు టన్నో ఒక టన్నో తరగతి ట్రక్కు కావాలి.

ట్రైలరుకూ తనదైన స్టిక్కరు ఉంటుంది. పిల్లలకి బంకులు (ఒకదానిమీద ఒకటి ఉండే మంచాలు) ఉన్న ముప్పై అడుగుల ట్రైలరు సామాను 1,500 పౌండ్ల దగ్గర ఆగమంటుంది. గాలను నీళ్ళు 8.34 పౌండ్లు. యాభై గాలన్ల టాంకు నింపితే 417 అక్కడే పోయాయి. ఇప్పుడు మన వంటిల్లు ఎక్కించండి. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు రెండు, పప్పులు, రాళ్ళ గ్రైండరు, కుక్కర్లు మూడు, ఊరినుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ. వంటిల్లు తోకవైపున్న నమూనా ఎంచుకున్నారనుకోండి, ఇదంతా ఇరుసుకు వెనక చేరి ముందు కొక్కెం తేలికవుతుంది. పది శాతం కన్నా తగ్గిందా, అరవై మైళ్ళ వేగంలో పక్కనుంచి లారీ దాటగానే ట్రైలరు తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు కంగారుగా ట్రక్కు బ్రేకు తొక్కకూడదు. గ్యాసు పెడలు మీంచి కాలు తీసి, చేతి మీటతో ట్రైలరు బ్రేకు మాత్రం నెమ్మదిగా నొక్కాలి. అసలు మందు మాత్రం బియ్యం ఇరుసు మీదికో, దానికి కాస్త ముందుకో జరపడం. సామాను సర్దాక లారీలు ఆగే చోట ఉండే కాటా మీద ఒకసారి తూయించుకుంటే కళ్ళు తెరుచుకుంటాయి. టైరు పక్కన డాట్ (DOT) అని ఉండే గుర్తు చివరి నాలుగంకెలు కూడా చదవండి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో పుట్టిన టైరు. ట్రైలరు టైరు అరిగి కాదు, ముదిరి పోతుంది. గాడి ఎంత లోతుగా ఉన్నా అయిదారేళ్ళు నిండితే మార్చెయ్యడమే.

ఇక వంట. మన వంట ఒక్క పొయ్యి వంట కాదు కదా. ఆర్‌వీలు ఆపుకునే పార్కులో స్తంభానికి 30 ఆంప్ కనెక్షన్ ఉంటే మొత్తం 3,600 వాట్లు. 50 ఆంప్ అంటే పేరుకి కాస్తే పెద్దదిగా కనబడుతుంది కానీ రెండు తీగల్లో యాభై చొప్పున 12,000 వాట్లు. ఎండాకాలం కప్పు మీది ఏసీ 14 ఆంపులు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి పూర్తిగా పెడితే 15. నీళ్ళు కాచే హీటరు కరెంటు మీద ఉంటే 12. ఈ మూడూ కలిస్తే ముప్పైలో ఇమడవు. పోపు మాడే సమయానికి చీకటి. కాబట్టి ముప్పై ఆంపుల మీద కాపురం చేసేవాళ్ళు హీటరు గ్యాసు మీదికి మార్చుకుంటారు, కుక్కరు దిగాకే ఏసీ వేస్తారు. ఆరు క్వార్టుల ఎలక్ట్రిక్ కుక్కరు వెయ్యి వాట్లతో సరిపెట్టుకుంటుంది, దాన్ని పప్పుకి వదిలేసి కూర గ్యాసు మీద చేసుకోవడం తెలివి. గ్రైండరు మంచిది పాపం. 150, 200 వాట్లతో అరగంట తిరుగుతుంది, ఎవరి జోలికీ పోదు. అయితే 110 వోల్టులదే కొనాలి. ఊరినుంచి తెచ్చిన 220 వోల్టుల మిక్సీ ఇక్కడ మూలుగుతుంది తప్ప కొబ్బరి నలగదు.

కరెంటు లేని చోట బ్యాటరీ మీద ఇండక్షన్ వాడాలనుకునేవాళ్ళు ఈ లెక్క గోడమీద రాసుకోవాలి. 1,800 వాట్ల పొయ్యికి పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి 160 ఆంపులకి పైగా లాగాలి. వంద ఆంప్-అవర్ లిథియం బ్యాటరీ ఒక్కటే ఉంటే అది నలభై నిమిషాల్లో ఖాళీ కావాలి. నిజానికి అంతదాకా కూడా రాదు, చాలా బ్యాటరీల్లో రక్షణ బోర్డు వంద ఆంపులకే కత్తెర వేసేస్తుంది. పొయ్యి వెలిగిన మరుక్షణం ఆరిపోతుంది, మనం పొయ్యి పాడయిందనుకుంటాం. కనీసం రెండు బ్యాటరీలు పక్కపక్కన (ప్యారలల్‌గా) కలపాలి. తీగలు లావుగా, పొట్టిగా ఉండాలి.

చలికాలం గ్యాసు లెక్క కూడా ఇంతే నిక్కచ్చి. ఇరవై పౌండ్ల సిలిండర్లో ఉండేది 4.7 గాలన్లు. ఇల్లు వెచ్చబెట్టే 30,000 బీటీయూల ఫర్నేసు ఆగకుండా మండితే దాదాపు పద్నాలుగు గంటలు. గడ్డకట్టే రాత్రుల్లో అది సగం సేపు మండుతుంది కాబట్టి సిలిండరు ఒక రోజు దాటి కాస్త. రెండు సిలిండర్లు పెట్టుకుని, ఒకటి అయిపోగానే రెండోది అందుకునే రెగ్యులేటరు వేసుకోనివాళ్ళు తెల్లవారుజామున మూడింటికి చొక్కా మీద చొక్కా వేసుకుని బయటికెళతారు.

గ్యాసు మంట వదిలే తేమ సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. ఫర్నేసు పొగ గొట్టంలో బయటికి పోతుంది, వంట పొయ్యిది మాత్రం లోపలే. ఒక బర్నరు గంట మండితే గ్యాసు కాలినందుకే పావు లీటరు నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. కుక్కరు విజిళ్ళు, ఇడ్లీ ఆవిరి, నలుగురి స్నానాలు, ఊపిరి దానికి అదనం. ఒంటి పొర కిటికీ అద్దాలకి అది చెమటై కారుతుంది. కారితే తుడుచుకోవచ్చు, కనబడకుండా పరుపు అడుగున చేరేదే అసలు దెబ్బ. పలక మీద నేరుగా వేసిన పరుపు ఎత్తి చూస్తే నల్ల మచ్చలు. పరుపు కింద గాలాడే జాలీ వెయ్యాలి. కప్పు ఫ్యాను బయటికి లాగేట్టు పెట్టి, పొయ్యికి ఎదురు మూల కిటికీ ఒక్క అంగుళం తెరవాలి. లోపల తేమ యాభై శాతం దాటకుండా చిన్న మీటరు ఒకటి తగిలించుకోవాలి. పోపు వేసేటప్పుడూ ఇదే మంత్రం: ముందు ఫ్యాను, తర్వాత నూనె. మిరపకాయ వేగగానే పొగ అలారం అరుస్తుందని దాని బ్యాటరీ పీకేసే ఇళ్ళున్నాయి. రెండువందల చదరపడుగుల చెక్క పెట్టెలో అది చెయ్యకూడని పని. నేలకి దగ్గరగా ఉండే ప్రొపేన్ డిటెక్టరుకి అగరొత్తులో బట్టలో అడ్డం పెట్టకండి. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది. డిటెక్టరుకి కాలం తీరే తేదీ ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

బండి నడిచే రోజున పెరుగు తోడు పెట్టకండి. కుదుపుకి తోడుకోదు, నీరు విరుగుతుంది. ఇడ్లీ పిండి సగానికి మించి నింపిన గిన్నె బంకు మెట్లమీద దొరుకుతుంది.

టాంకుల దగ్గరికి వచ్చాం. పిక్నిక్ అనుకునేవాళ్ళు ఇది శ్రద్ధగా చదవాలి. వంటింటి నీళ్ళూ స్నానం నీళ్ళూ గ్రే టాంకులో, దొడ్డివి బ్లాక్ టాంకులో చేరతాయి. రెంటికీ అడుగున కత్తెర రేకులాంటి వాల్వు. పలచటి రేకు ఒకటి గాడిలో జారి మూసుకుంటుంది. ఆ గాడికి శత్రువు ఆవగింజ. పోపు గిన్నె సింకులో కడిగితే ఆవాలు, జీలకర్ర, కరివేపాకు ఈనెలు టాంకు అడుగుకి చేరి, పారబోసే రోజున వరదలో కొట్టుకొచ్చి ఆ గాడిలో ఇరుక్కుంటాయి. రేకు గోరు మందాన ఆగిపోతుంది. మూసుకుందనే అనుకుంటాం. మర్నాటి నుంచి చుక్క చుక్కగా గొట్టంలో చేరింది, మళ్ళీ మూత తిప్పిన రోజున బూట్లమీద పడుతుంది. వాల్వు ఖరీదు చిన్నదే. కానీ టాంకు కింద ప్లాస్టిక్ రేకు కప్పిన బళ్ళలో దాన్ని చేరాలంటే పొట్ట కోయాలి. గంజి, బియ్యం కడుగు కూడా సింకులో పొయ్యకూడదు. ఆ పిండి గోడలకంటి పులిసి, వేసవిలో ఇల్లంతా కల్లు పాకలా వాసన వేస్తుంది. దానిమీద నూనె పేరుకుంటే గోడలోని సెన్సరు పుల్లలు టాంకు ఖాళీ అయినా నిండే ఉందని అబద్ధం చెబుతాయి. కంచాలూ మూకుళ్ళూ కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వెయ్యాలి. సింకుకి సన్నకన్ను జల్లెడ పెట్టాలి, కడుగు బకెట్లో పట్టాలి. మా అమ్మమ్మల ఇళ్ళలో కుడితి కుండ ఎందుకుండేదో ఇక్కడ అర్థమవుతుంది, గేదె ఒక్కటే తక్కువ.

బ్లాక్ టాంకు దగ్గర మాత్రం మన అలవాటే గెలిచింది. అది మూసుకుపోయేది రెండే కారణాల వల్ల: కాగితం ఎక్కువ కావడం, నీళ్ళు తక్కువ కావడం. కొత్తవాళ్ళు పార్కు గొట్టానికి తగిలించి వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. నీళ్ళు ముందు పారిపోతాయి, గట్టిది మిగిలి తొట్టి కింద కుప్పవుతుంది. ఎండితే సిమెంటే. చెంబు వాడే ఇంట్లో కాగితం దాదాపు ఉండదు, నీళ్ళకి కొదవుండదు. కాబట్టి ఆ గొడవ అరుదు. దానికి బదులు టాంకు తొందరగా నిండుతుంది, నలభై గాలన్లది నలుగురికి అయిదారు రోజులు. మూడింట రెండొంతులు నిండేదాకా వాల్వు మూసే ఉంచి, ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదలాలి. సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. ఆపైన మూడు నాలుగు గాలన్ల మంచినీళ్ళు తొట్టిలో పోసి మళ్ళీ మొదలు. చేతి తొడుగులు తప్పవు. మంచినీళ్ళ గొట్టం, కడిగే గొట్టం ఒకే పెట్టెలో పడెయ్యకూడదు, రెంటికీ రంగు వేరుండాలి. ఇక్కడ మడి అంటే అదే. చేతి షవరు బిగించుకునేవాళ్ళు వాడిన ప్రతిసారీ గోడ దగ్గరి చిన్న కుళాయి కట్టెయ్యాలి. పార్కు నీళ్ళ ఒత్తిడి మీద ఆ గొట్టం పగిలితే నేలంతా వరదే. అసలు పార్కు కుళాయికే నలభై యాభై పీఎస్‌ఐలకి తగ్గించే రెగ్యులేటరు పెట్టకుండా నీళ్ళు ఎక్కించకూడదు.

ఇంత చెప్పాక ఎవరైనా ఉత్సాహపడి ఇల్లమ్మేస్తారేమోనని భయంగా ఉంది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ జీవితం కుదరదు. వాళ్ళ కంపెనీ పెట్టిన లేబర్ కండిషన్ అప్లికేషన్ ఒక ఊరి పరిధికి కట్టుబడి ఉంటుంది. ఆ పరిధి దాటి ఇంకో చోట కూర్చుని పని చేస్తే పిటిషను సవరించాలని 2015లో సిమియో కేసు తీర్పు తేల్చింది. కొద్దిరోజుల మినహాయింపులున్నాయి, వాటితో కాపురం నడవదు. అరిజోనా ఎడారిలో శాటిలైట్ ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన అక్కడినుంచి లాగిన్ కావచ్చని కాదు. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ చిక్కు లేదు. కానీ మకాం మారిన పది రోజుల్లో ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) దాఖలు చేయాల్సింది వాళ్ళు కూడా. ఊరినుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తే వాళ్ళకి బంకు ఎక్కడం నరకం. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ట్రైలరు మెట్లు నాలుగూ నలభై. ఇవి దాచి యూట్యూబ్‌లో సూర్యాస్తమయాలు మాత్రమే చూపించే కుటుంబాలంటే నాకూ కోపమే.

అడ్రసు లేదన్న మాట మాత్రం తప్పు. ఈ దేశంలో బండి కాపురం చేసేవాళ్ళకి అడ్రసు ఉండి తీరాలి. లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, ఓటు, పన్ను, పిల్లల చదువు అన్నీ దానికే కట్టి ఉంటాయి. ఎక్కువమంది టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల్లో ఒకటి ఎంచుకుంటారు. మూడింట్లోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఉత్తరాలు అందుకుని స్కాన్ చేసి పంపే సంస్థలు బోలెడు. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఒక్క ఎస్కేపీస్ అనే ఆర్‌వీ క్లబ్బు చిరునామాకే ఊరికి సరిపడా ఉత్తరాలు వస్తాయి. బ్యాంకుల దగ్గర మాత్రం తంటా. అది ఉత్తరాల దుకాణం అడ్రసని కంప్యూటరు పట్టేసి ఖాతా ఆపుతుంది. అందుకే ఒక బంధువు ఇంటి అడ్రసు కూడా చేతిలో ఉంచుకుంటారు. భారతీయ పాస్‌పోర్టు పనులకీ ఈ రాష్ట్రమే దారి చూపిస్తుంది. టెక్సస్ అయితే హ్యూస్టన్ కాన్సులేటు, ఫ్లోరిడా అయితే అట్లాంటా. పిల్లల చదువు టెక్సస్ లెక్కలో సులువు. ఇంటి బడిని అక్కడ ప్రైవేటు బడి కింద చూస్తారు. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, పౌరనీతి నేర్పితే చాలు. ఫ్లోరిడాలో జిల్లా సూపరింటెండెంటుకి ఉత్తరం రాయాలి, ఏటా మదింపు చూపించాలి. అంటే ఆ రోజు ఆవిడ పెన్ను ఆగింది అడ్రసు లేక కాదు. మనం అడిగేది ఏ అడ్రసో తెలియక.

1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసినాయన, ఇంటివాళ్ళనీ పరివారాన్నీ వెంటబెట్టుకుని పదిహేను నెలల పైచిలుకు మజిలీ మజిలీకీ మకాం మారుస్తూ గడిపారు. ఎక్కడ నీళ్ళు బాగుంటాయో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో రాసి పెట్టారు. ఆయన పేరు చెప్పుకుని గర్వపడే సభలు మనమే పెడతాం. పల్లకీకి బదులు చక్రాలొచ్చేసరికి నవ్వొచ్చిందన్నమాట.

ఆ రోజు ఇంకో రభస కూడా జరిగింది. మధ్యాహ్నం వంటశాలలో కరెంటు పోయింది, ట్రైలరు వాళ్ళు గోడ ప్లగ్గులోంచి వైరు లాగడం వల్లేనని గుసగుసలు. లెక్క చూద్దాం. ఆ ప్లగ్గులన్నిటిదీ ఒకే 20 ఆంప్ సర్క్యూటు. కాఫీ పాత్ర 1,500 వాట్లది, అదొక్కటే పన్నెండున్నర. ట్రైలర్లో ఫ్రిజ్జు, బ్యాటరీ చార్జరు కలిపి ఎనిమిది. మొత్తం ఇరవై దాటింది. కాఫీ లేకపోయినా పోయేది కాదు, ట్రైలరు లేకపోయినా పోయేది కాదు. తప్పు ప్లగ్గుది.

కాబట్టి కార్యవర్గానికీ, గుడి ట్రస్టీలకీ విన్నపం. పార్కింగులో ఎలక్ట్రిక్ కార్లకి ప్లగ్గులు పెట్టాలని ఎలాగూ అనుకుంటున్నారు. వాటిలో ఒక్కటి నీమా 14-50 సాకెట్టుగా పెట్టించండి. 50 ఆంప్ ఆర్‌వీ ప్లగ్గూ అదే. ఆరో నంబరు రాగి తీగ, రెండు పోళ్ళ యాభై ఆంపుల బ్రేకరు చాలు. న్యూట్రల్ తీగ మాత్రం తప్పకుండా లాగించండి. కార్లకి అక్కర్లేదని కొందరు పనివాళ్ళు దాన్ని వదిలేస్తారు, అలాంటి సాకెట్లో ట్రైలరు పెడితే లోపలి సామానంతా గల్లంతు. పక్కనే 30 ఆంప్ టీటీ-30 కూడా పెట్టిస్తే చిన్న బళ్ళకి పనికొస్తుంది. దానికి పదో నంబరు తీగ సరిపోతుంది, వోల్టేజి 120 మాత్రమే. మూడు కాళ్ళ ప్లగ్గు చూడగానే బట్టలారబెట్టే యంత్రానిదనుకుని 240 ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు ఎంతమందో. డబ్బు చెల్లించే ముందు మల్టీమీటరు పెట్టి చూడండి. టీటీ-30లో రెండు పలకల మధ్య 120, 14-50లో రెండు కరెంటు (లైవ్) తీగల మధ్య 240, ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ మధ్య 120 రావాలి. డంపింగు సౌకర్యం మనకక్కర్లేదు. వచ్చే కుటుంబాలు టాంకులు ఖాళీ చేసుకుని రావాలని, గుడి ఆవరణలో చుక్క కూడా వదలకూడదని ఫారంలోనే రాద్దాం. రెండు రాత్రులని హద్దు కూడా పెడదాం, అమెరికా ప్రభుత్వ భూముల్లోనే పద్నాలుగు రోజులకి లేచిపొమ్మంటారు, మనం సిగ్గుపడక్కర్లేదు.

ఫారం దీపావళికి మళ్ళీ అచ్చువేస్తారు. అందులో అడ్రసు గడిని రెండు చేస్తే చాలు: ఉత్తరాలు అందే చోటు, ఈ వారం ఉన్న చోటు. సభ్యత్వానికి మొదటిది, భోజనాల లెక్కకి రెండోది. పిల్లల పోటీల నిబంధనల్లో 'చాప్టరు పరిధిలో నివాసం' అన్న చోట 'ఏ చాప్టరులోనైనా సభ్యత్వం' అని మారిస్తే ఎవరికీ నష్టం లేదు. పద్యాల పోటీకి పేర్లు అక్టోబరు దాకా తీసుకుంటారట. ఆ అమ్మాయి వాళ్ళు అప్పటికి న్యూమెక్సికోలో ఉంటారు. జూమ్‌లో చెప్పనిస్తారా లేదా, ఈ నెల సమావేశంలో తేల్చి వాళ్ళమ్మకి ఒక్క మెసేజ్ పెట్టండి.